మొదటి వారం ఎవరిది?

(అనంతపురంలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కొత్త సెమిస్టర్ మొదలైన రోజున ప్రిన్సిపాల్ మేడం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ వాళ్లు ముందుకు రండి నాయనా, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. ఏ సభలో చూసినా ముందు వరస ఎందుకు ఖాళీగా ఉంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ప్రశ్నలు అడుగుతాననా? అడుగుతాను. జవాబు చెప్పకపోయినా పర్వాలేదు, మార్కులు లేవు. రండి.

ఈరోజు పిల్లలతో పాటు లెక్చరర్లను, ఆఫీసు వాళ్లను, అటెండరును, వాచ్‌మన్‌ను, క్యాంటీన్ అక్కను కూడా రమ్మన్నాను. సారు ఒకాయన నన్ను అడిగారు, "మేడం, పిల్లలకు చెప్పే మీటింగులో మేమెందుకు?" అని. పిల్లల్ని కూర్చోబెట్టి "బాగా చదువుకోండి, సెల్‌ఫోన్లు పక్కన పెట్టండి" అని చెప్పి పంపేయడం చాలా సులువు సార్. ప్రతి ఏడాదీ చెబుతూనే ఉన్నాం. వాళ్లు వింటూనే ఉన్నారు. ఈసారి నేను చెప్పేది మనందరి గురించి. ఫస్టియర్ పిల్లలు ఇంకా రాలేదు, అడ్మిషన్లు జరుగుతున్నాయి. ఒకందుకు మంచిదే. వాళ్లు రాకముందే మన ఇంటి సంగతి మనం మాట్లాడుకుందాం.

ఒక లెక్కతో మొదలుపెడతాను. ఎకనామిక్స్ టీచర్ని కదా, లెక్క లేకపోతే నాకు మాట రాదు. సెమిస్టర్ అంటే ఎన్ని రోజులు? కాగితం మీద 90 పనిదినాలు. వారానికి ఆరు రోజుల చొప్పున 15 వారాలు. సరేనా? ఇందులో మొదటి రెండు వారాలు కాలేజీలో ఏం జరుగుతుంది? ఎవరైనా చెప్పండి. నవ్వుతున్నారంటే తెలుసన్న మాట. ఏమీ జరగదు. టైంటేబుల్ ఇంకా రాలేదంటాం, రూములు మారుతున్నాయంటాం, పాత రిజల్ట్స్ రానీ అంటాం. అక్కడికి 12 రోజులు పోయాయి. తర్వాత మిడ్ పరీక్షలు, ఆ పరీక్షలకు ముందు మీకు మీరే ఇచ్చుకునే సెలవులు. దసరాకు రెండు రోజుల ముందే హాస్టళ్లు ఖాళీ. తిరిగి వచ్చేది సెలవులు అయిపోయిన రెండు రోజులకు. చివర్లో రికార్డులు, ప్రాక్టికల్స్. మీరే కూడుకోండి. నాకైతే అరవై దాటడం లేదు.

2015–16లో సెమిస్టర్ పద్ధతి వచ్చింది. అంతకు ముందు ఏడాదికి ఒకసారే పరీక్ష. అప్పుడు ఒక నెల వృథా అయినా ముందూ వెనకా ఎక్కడో సర్దుకునేది. ఇప్పుడు సర్దుకోవడానికి చోటు లేదు. పద్ధతి మారిపోయింది, మన అలవాటు మాత్రం ఏడాది పరీక్షల కాలంలోనే ఉండిపోయింది.

మరి ఆ మొదటి వారాలు ఎందుకు పోతున్నాయి? పిల్లల్ని అడిగితే "క్లాసులు జరగవు మేడం, బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చి ఏం చేయాలి?" అంటారు. సార్లను అడిగితే "పిల్లలే రారు మేడం, ఎవరికి చెప్పాలి?" అంటారు. అటెండరును అడిగితే ఎవరూ రానప్పుడు రూములు తెరిచి ఏం లాభం అంటాడు. క్యాంటీన్ అక్క కూడా అంతే, వచ్చే వాళ్లు లేరని ఉగ్గాని చేయదు. తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు! అందరి మాటా సబబే. పెళ్లిలో బంతి దగ్గర ముందు ఎవరు కూర్చోవాలా అని పెద్దలంతా చేతులు కట్టుకుని నిలబడితే ఏమవుతుంది? మర్యాద బాగానే ఉంటుంది, అన్నం చల్లారిపోతుంది.

అందుకని ఈసారి ముందు మేము కూర్చుంటున్నాం. నిన్న స్టాఫ్ మీటింగులో అనుకున్నాం. రేపటి నుంచి తొమ్మిదిన్నరకు అన్ని రూములూ తెరిచి ఉంటాయి. టైంటేబుల్ బోర్డు మీద పెట్టేశాం. పది గంటలకు క్లాసులో నలుగురుంటే నలుగురికే పాఠం. ఒక్కరుంటే ఒక్కరికే. ఆ పాఠాన్ని తర్వాత వచ్చిన వాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి చెప్పరు. ఇది శిక్ష అనుకోవద్దు. వచ్చిన వాళ్లకు ఇచ్చే మర్యాద. ఇన్నేళ్లూ మనం ఏం చేశాం? వచ్చిన నలుగురినీ "పోయి రేపు రాపోండి" అని పంపించాం. రాని వాళ్ల కోసం వచ్చిన వాళ్లను పంపించాం. ఎంత విచిత్రం చూడండి. కూడేరు నుంచి, శింగనమల నుంచి పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చిన పిల్లవాడికి మనం మొదటి రోజే నేర్పిన పాఠం ఏమిటి? రాకపోయినా ఏమీ కాదు అని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కాలేజీలో మనం లెక్కపెట్టేవి చాలా ఉన్నాయి. అటెండెన్స్ 75 శాతం లెక్కపెడతాం. మార్కులు, క్రెడిట్లు, సీట్లు, పాస్ పర్సంటేజీ, అన్నీ లెక్కే. కాలేజీలను తనిఖీ చేసే నాక్ వాళ్లు వస్తున్నారంటే చెట్లను కూడా లెక్కపెడతాం, నంబర్లు కూడా రాస్తాం వాటికి. వద్దని నేను అనను. ప్రభుత్వ డబ్బు, లెక్క ఉండాల్సిందే. కానీ ఒక్క మాట అడుగుతాను. ఎవరూ లెక్కపెట్టని పని ఈ కాలేజీలో ఎంత జరుగుతోంది? పాఠం అయిపోయాక వరండాలో నిలబడి సందేహం అడిగే పిల్ల ఎంతమంది? అడిగితే నిలబడి చెప్పే సారు ఎంతమంది? లైబ్రరీలో పరీక్షకు సంబంధం లేని పుస్తకం తీసుకున్న వాళ్లు ఎవరు? అలాంటి పనులు ఉన్నంత వరకే ఇది కాలేజీ. అవి పోతే పరీక్ష సెంటర్ మిగులుతుంది. హాల్‌టికెట్ ఇచ్చి, పరీక్ష పెట్టి, మెమో ఇచ్చే సెంటర్. దానికి ఇన్ని రూములు దేనికి, ఇంతమందిమి దేనికి?

మన ఊరి సంగతి ఒకటి చెబుతాను. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీ వాళ్లకు ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. ఆ దత్తమండలాల కోసం 1916లో అనంతపురంలో కాలేజీ పెట్టారు. ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ అదే. ఆ కాలేజీ పేరెత్తితే మనవాళ్లంతా గర్వంగా ఏం చెబుతారు? సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అక్కడ పాఠం చెప్పారు, నీలం సంజీవరెడ్డి గారు అక్కడ చదివారు, ఇద్దరూ రాష్ట్రపతులయ్యారు అని. నిజమే, గర్వించాల్సిన మాటే. కానీ ఇంకొంచెం వివరంగా చూడండి. రాధాకృష్ణన్ గారు ఇక్కడ ఉన్నది కొద్దికాలమే, తర్వాత రాజమండ్రి వెళ్లిపోయారు. సంజీవరెడ్డి గారు 1931లో చదువు మధ్యలో వదిలేసి ఉద్యమంలోకి వెళ్లారు. 1929లో గాంధీ గారు అనంతపురం వచ్చి వెళ్లిన ప్రభావం అది. ఇద్దరూ మహానుభావులే. ఇద్దరూ ఇక్కడి నుంచి వెళ్లిన వాళ్లు.

మరి ఉండిపోయిన వాళ్ల సంగతేమిటి? వాళ్ల గురించి ఎవరైనా చెబుతారా? అదే కాలేజీలో చిలుకూరి నారాయణరావు గారని తెలుగు పాఠం చెప్పేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. తెలుగు భాష చరిత్ర మీద పెద్ద పరిశోధన చేసిన పండితుడు. 1928లో నంద్యాలలో సభ జరిగినప్పుడు, ఈ ప్రాంతాన్ని ఇంకా దత్తమండలాలు అని పిలవడమేమిటి, రాయలసీమ అందాం అన్నది ఆయనే అని చెబుతారు. ఆలోచించండి. ఎక్కడో ఉత్తరాన పుట్టిన మనిషి. ఉద్యోగానికి వచ్చాడు. నెల జీతం తీసుకుని, పాఠం చెప్పి, బదిలీ ఎప్పుడా అని ఎదురుచూసి ఉండొచ్చు. మనలో అలా ఎదురుచూసే వాళ్లు లేరా? ఉన్నారు, తప్పేమీ లేదు, పిల్లలూ సంసారాలూ ఉంటాయి. కానీ ఆయన ఈ నేలను తనదనుకున్నాడు. ఆ పని ఆయన సర్వీస్ రిజిస్టర్‌లో ఏ గడిలో రాస్తారు చెప్పండి? మన పిల్లల దరఖాస్తులో, పాటలో, గొడవలో, రోజూ వచ్చే ఆ పేరు వెనక ఈ ఊరి కాలేజీ టీచరు ఉన్నాడు.

ఇంకో చిన్న మాట చెప్పి ముందుకు పోతాను. మన పక్కన ఇంజనీరింగ్ కాలేజీ ఉంది కదా, జేఎన్‌టీయూ. అది 1946లో మొదలైంది, ఎక్కడ? అనంతపురంలో కాదు, మద్రాసు గిండీలో, వేరే కాలేజీ ఆవరణలో. 1948లో ఇక్కడికి వచ్చింది. అంటే మొదట్లో అనంతపురం కాలేజీకి అనంతపురంలో గదులే లేవు! మన సైన్స్ బ్లాకు కురుస్తోంది, నాకు తెలుసు. దాని కోసం ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. రిపేరు అయ్యే దాకా ఆగుదాం అంటే మాత్రం నేను ఒప్పుకోను.

పిల్లలూ, మీరు అడగొచ్చు, "మేడం, ఇదంతా బాగుంది, ఉద్యోగం సంగతేంది?" అని. అడగాలి కూడా. ఉద్యోగం కావాల్సిందే. మీలో చాలామంది ఇళ్లల్లో మీరే మొదటి డిగ్రీ. మీ అమ్మానాన్నలు చెనిక్కాయ పంట మీద, కూలి మీద, కొందరు బెంగళూరులో పని మీద మిమ్మల్ని చదివిస్తున్నారు. వాళ్ల ముందు నిలబడి ఉద్యోగం ముఖ్యం కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. నేను చెప్పేది వేరే. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్‌లో ఏం జరిగిందో గుర్తుందా? 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. హెచ్‌ఎల్‌సీ, అంటే ఎగువ కాలువలో మనకు వచ్చే నీళ్లు ఆ డ్యామ్‌వే. తాగడానికీ అవే, పంటకూ అవే. ఆ వారం మన జిల్లాలో ఏ టీకొట్టు దగ్గర చూసినా అదే మాట. నీళ్లన్నీ పోతాయేమో, ఈ ఏడాది కాలువ రాదేమో అని ఎంత టెన్షన్ పడ్డామో మీకు తెలుసు.

అప్పుడు ఎవరిని పిలిచారు? కన్నయ్యనాయుడు గారని, రిటైరైన ఇంజనీరును. డెబ్బై దాటిన మనిషి. డ్యామ్ గేట్లే ఆయన జీవితం. పారే నీళ్లలో స్టాప్‌లాగ్‌లు, అంటే నీళ్లకు అడ్డం పెట్టే ఇనుప పలకలు, దించాలి. వారం రోజుల్లో దించారు, నీళ్లు నిలిచాయి. ఆయనకు ఆ రోజు అటెండెన్స్ ఎవరు వేశారు? ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది. ఉద్యోగంతో పాటు విద్య అయిపోలేదు. మీ డిగ్రీలో మీకు అలాంటిది ఒక్కటి దొరకాలి అంటున్నాను. ఒక్కటి చాలు. రిటైరైన తర్వాత కూడా, "ఆ పని తెలిసిన మనిషి ఫలానా ఊళ్లో ఉన్నాడు, పిలవండి" అనేటట్టు ఒక్క పని. అది అరవై మార్కుల గైడులో దొరకదు. గైడు రాసిన వాళ్లకే దొరకలేదు.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించి మాట్లాడాలి. సెకండియర్ వాళ్లు తలలు దించుకుంటున్నారు. దించుకోండి, పర్వాలేదు. రెండో సెమిస్టర్ తర్వాత సెలవుల్లో 180 గంటలు మీరు ఊళ్లోకి వెళ్లి, ఇళ్లు తిరిగి, ఒక సమస్యను చూసి, రిపోర్టు రాయాలి. ఎంత మంచి ఆలోచన అది! మేము చదువుకునే రోజుల్లో ఇలాంటిది ఉండి ఉంటే అనిపిస్తుంది నాకు. మరి మనం దాన్ని ఏం చేశాం? జిరాక్స్ షాపులో రెండు మూడు వందలిస్తే తయారుగా దొరికే పుస్తకం చేశాం. నేను రిపోర్టులన్నీ చదువుతాను, మీరు చదవననుకుంటారు. ఒక రిపోర్టులో అట్ట మీద మన జిల్లా ఊరి పేరే ఉంది. లోపల చూస్తే ఆ ఊళ్లో కొబ్బరి తోటలు, చేపల చెరువులు, ఏటా వరద బాధలు! మన అనంతపురంలో! ఆ ఊరు ఎక్కడుందో చెబితే రిటైరై అక్కడే ఇల్లు కట్టుకుంటాను.

నవ్వడం అయిపోయిందా? ఇప్పుడు ఇది వినండి. అదే కట్టలో ఇంకో రిపోర్టు ఉంది. ఒక అమ్మాయి రాసింది, పేరు చెప్పను, ఆమెకు సిగ్గు. తన ఊళ్లో ఇంటింటికీ పోయి ఒక్కటే ప్రశ్న అడిగింది, ఇప్పటి దాకా ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని పడలేదు అని. మొదట మగవాళ్లను అడిగింది. రెండు అన్నారు, మూడు అన్నారు. తర్వాత అదే ఇంట్లో ఆడవాళ్లను అడిగింది. నాలుగు అన్నారు, ఐదు అన్నారు. ఎందుకు తేడా వచ్చింది? ఆ అమ్మాయే రాసింది, ఏ బోరుకు ఏ నగ కుదువ పెట్టారో ఆడవాళ్లకు గుర్తుంటుందట. గాజులు పెట్టిన బోరు, కమ్మలు పెట్టిన బోరు. చదివి నేను కాసేపు పక్కన పెట్టేశాను ఆ కాగితం. ముప్పై ఏళ్లుగా రైతుల అప్పుల గురించి పాఠం చెబుతున్నాను, ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు. పందొమ్మిదేళ్ల పిల్ల, తన ఊళ్లో, ఇంగ్లీషు కూడా సరిగ్గా రాని పిల్ల, కనిపెట్టింది. రిపోర్టులో స్పెల్లింగు తప్పులు బోలెడు. నాకు ఆ తప్పులు కనిపించలేదు.

అందుకే ఈ సెమిస్టర్ నుంచి ఒక పని పెట్టుకుందాం. ఈ అమ్మాయి అడిగిన ప్రశ్ననే కాలేజీ మొత్తం అడుగుదాం. ఒకే మండలం. ఏ మండలమో మీరూ సార్లూ కూర్చుని తేల్చుకోండి. కామర్స్ వాళ్లు అప్పూ వడ్డీ లెక్క చూడండి. కెమిస్ట్రీ వాళ్లకు ఫ్లోరైడు ఉండనే ఉంది, నీళ్ల సీసాలు పట్టుకొచ్చి ల్యాబులో పరీక్షించండి, ఆ సామాను పాడైపోక ముందే. హిస్టరీ వాళ్లు పూడిపోయిన బావులు ఎక్కడెక్కడ ఉన్నాయో ముసలివాళ్లను అడిగి రాయండి. తెలుగు వాళ్లు మాకేం పని అంటున్నారు, ఆ మూల నుంచి వినిపిస్తోంది. ఆ ఇంటి ఆడవాళ్లు ఎలా చెప్పారో అలాగే, వాళ్ల మాటల్లోనే రాయడం మీ పని. అదే అన్నిటికంటే కష్టం. దిద్దకుండా రాయాలి. కంప్యూటర్స్ వాళ్లు ఇవన్నీ ఒకచోట చేర్చండి.

దీనికి ఒకటే షరతు. రిపోర్టు మొదట నా టేబుల్ మీదకు రాకూడదు. మొదట ఆ ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపించాలి. తప్పు రాసుంటే వాళ్లే చెబుతారు, "ఏమప్పా, మా ఊళ్లో చేపల చెరువు ఏడుందో చూపించు పా" అంటారు. చూపించగలిగితే చూపించండి. వాళ్లు సరే అన్నాక తీసుకురండి, నేను సంతకం పెడతాను.

లెక్చరర్లకు ఒక మాట. మీ మీద ఎంత బరువుందో నాకు తెలియంది కాదు. ఆన్‌లైన్ ఎంట్రీలు, స్కాలర్‌షిప్ వెరిఫికేషన్లు, ఎన్నికల డ్యూటీలు. గెస్ట్ ఫ్యాకల్టీగా ఉన్న వాళ్లకు జీతం సంగతి వేరే చెప్పాలా? ఆ విషయంలో నా చేతిలో ఉన్నది తక్కువ, ఉత్తరం రాయడం, ఫోన్ చేయడం. చేస్తున్నాను. మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. మీ క్లాసులో వరసగా వారం రాని పిల్లల పేర్లు శనివారం నాకు ఇవ్వండి. అటెండెన్స్ తగ్గిందని మెసేజ్ పంపడానికి కాదు. మెసేజ్ కంప్యూటరే పంపిస్తుంది. ఫోన్ మనం చేద్దాం. విత్తనం పెట్టే రోజులు, చెనిక్కాయ పీకే రోజులు, ఇంట్లో మనుషులు కావాలి, వారం రోజులు ఆగుతారు. అది మనకు తెలుసు, దానికి పిల్లవాణ్ణి తిట్టడం ఎందుకు? నోట్సు ఎవరిస్తారో చూద్దాం. ఇంకొందరు రాత్రి సుభాష్ రోడ్డులో బట్టల షాపులో పని చేసి పొద్దున నిద్ర లేవలేరు. ఆడపిల్ల రావడం లేదంటే మాత్రం మొదటి రోజే కనుక్కోండి. రెండో వారానికి శుభలేఖ వస్తుంది. మనకు తెలిసేసరికి టీసీ కోసం వాళ్ల నాన్న ఆఫీసు ముందు నిలబడి ఉంటాడు. ఈ కాలేజీలో అలా పోయిన పిల్లలను నేను చూశాను. మంచి తెలివైన పిల్లలు. ఫోన్ చేసిన ప్రతిసారీ ఆగుతుందని నేను చెప్పలేను. చేయకపోతే మాత్రం ఎవరూ అడగలేదు అన్న మాట ఆ పిల్ల మనసులో ఉండిపోతుంది.

పిల్లలకూ ఇదే చెబుతున్నా. నీ బెంచీలో కూర్చునే వాడు రాకపోతే నీకే ముందు తెలుస్తుంది, ప్రిన్సిపాలుకు తెలిసేది ఆఖర్న. ఆఫీసుకు వచ్చి చెప్పు. చాడీ అనుకోవద్దు.

లైబ్రరీ గురించి. ఇప్పటి దాకా నాలుగున్నరకు మూసేవాళ్లం. రేపటి నుంచి రీడింగ్ రూమ్ ఆరున్నర దాకా తెరిచి ఉంటుంది. లైబ్రేరియన్ ఒక్కడి మీదే వేయలేం కాబట్టి రోజుకు ఒక లెక్చరర్ ఉంటారు. సోమవారం నేనుంటాను. కళ్యాణదుర్గం వైపు, ఉరవకొండ వైపు పోయే వాళ్లు బస్సు టైము చూసుకునే కూర్చోండి, లేటైతే ఇంట్లో చెప్పి రండి. ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి స్టాండుకు వెళ్లండి. వాచ్‌మన్ అన్నకు చెప్పాను, గేటు దగ్గర లైటు బాగు చేయించాం. మొదటి రోజుల్లో ఎవరూ రాకపోవచ్చు. ఎవరూ రాకపోతే నేనే కూర్చుని చదువుకుంటాను, నాకూ చదవాల్సినవి చాలా ఉన్నాయి.

ఇంకేమైనా ఉందా? ఆ, బస్ పాస్. ఫారాల మీద సంతకాలు మధ్యాహ్నం రెండు తర్వాత, ఆఫీసు రెండో కిటికీ దగ్గర. బోనఫైడ్ కోసం ఈరోజే అందరూ ఎగబడొద్దు, శుక్రవారం దాకా ఇస్తారు. బి.కాం. సెకండియర్ వాళ్లకు పదకొండున్నరకు పద్నాలుగో నంబరు రూములో క్లాసు ఉంది, సారు ఇక్కడే ఉన్నారు, మీకంటే ముందే లేచేటట్టున్నారు. మిగతా వాళ్లు బోర్డు చూసుకోండి. వెళ్లేటప్పుడు ఆ ముందు వరస కుర్చీలు ఎత్తి గోడ పక్కన పెట్టి వెళ్లండి, అటెండరు ఒక్కడే ఉన్నాడు.